పోషణ సంచికి సొంత దారి ఉండాలి

ఐసీయూలో ఉన్న గుండె రోగికి నరం గుండా పోషణ ఎక్కిస్తున్నారనుకుందాం. ఆ పోషణ వెళ్ళే ల్యూమెన్‌లోకి, అంటే నరంలో పెట్టిన గొట్టంలోని ఆ దారిలోకి, బీపీ నిలబెట్టే నోరాడ్రినలిన్ (నోరాడ్) గానీ, డోపమైన్ గానీ, ఒంట్లో నీరు తీసే లాసిక్స్ గానీ పోకూడదు. ఏ మందు దేనితో కలవవచ్చో చెప్పే పట్టికలో 'కలవవచ్చు' అని రాసి ఉన్నా పోకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకు పోకూడదు, గోదావరి డెల్టాలోని చిన్న ఆసుపత్రుల్లో ఉన్న వసతులతో దీన్ని ఎలా పాటించాలి అన్నదే మిగతా వ్యాసం.

మన దగ్గర ఈ సమస్య ఎలా వస్తుందో ముందు చూద్దాం. పాలకొల్లులోనో, అమలాపురంలోనో, తణుకులోనో ఒక నర్సింగ్ హోం. అరవై దాటిన షుగర్ రోగి, గుండె పంపింగ్ ముందే తక్కువ. పేగు ఆపరేషన్ అయింది, లేదా పాంక్రియాస్ వాచింది. ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబులో పోసింది పోసినట్టు వెనక్కి వస్తోంది. వారం తిండి లేదు కాబట్టి మూడు గదుల పోషణ సంచి తెప్పించారు. ఈలోగా బీపీ పడిపోయింది, నోరాడ్ మొదలుపెట్టారు. ఒంట్లో నీరు చేరింది, లాసిక్స్ రాశారు. గుండె లయ తప్పింది, దాన్ని సరిచేసే అమియోడరోన్ రాశారు. ఉన్నవి మాత్రం చేతి నరాల్లో రెండు క్యాన్యులాలో, గుండె దగ్గరి పెద్ద నరంలోకి వేసిన ఒక సెంట్రల్ లైనో. అప్పుడు గొట్టాలను కలిపే త్రీవే మీద త్రీవే తగిలించి అన్నిటినీ ఒకే గొట్టంలోకి దించుతారు. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. ఆలోచించే తీరిక దొరక్కముందే చెయ్యి చేసేసే పని ఇది. అందుకే ముందే నియమంగా పెట్టుకోవాలి.

ఆ సంచిలో ఏముంటుందో తెలియకుండా మిగతాది అర్థం కాదు. ఒక గదిలో గ్లూకోజ్, ఒక దాంట్లో అమైనో ఆమ్లాలు, ఖనిజ లవణాలు, మరో దాంట్లో నూనె ఎమల్షన్, అంటే సన్నని బిందువులుగా నీళ్ళలో తేలే నూనె. వాడే ముందు సంచిని చుట్టి నొక్కితే మధ్య అతుకులు విడిపోయి మూడూ కలుస్తాయి. మన దగ్గర దొరికే కాబివెన్ 1540 మి.లీ. సంచినే చూడండి: 1400 కిలోకేలరీలు, 150 గ్రాముల గ్లూకోజ్, 36 మిల్లీమోళ్ళ పొటాషియం, దానికి తోడు కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేటు. అంటే అప్పటికే డజన్ల కొద్దీ పదార్థాలు ఒకదానితో ఒకటి సర్దుకుని ఉన్న ద్రవం అది. దానిలోకి ఇంకొక మందు దించడమంటే ఆ సర్దుబాటును కదిలించడమే.

నూనె నీళ్ళలో కలవదు. ఈ సంచిలో కలిసి ఉండటానికి కారణం గుడ్డు సొనలోంచి తీసిన లెసిథిన్. అది ఒక్కో నూనె బిందువు చుట్టూ పొరలా పట్టుకుని దానికి రుణావేశం ఇస్తుంది. ఒకే ఆవేశం కనుక బిందువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. వాటి సగటు పరిమాణం అర మైక్రాన్ లోపే. ఆ ఆవేశాన్ని చంపేవి రెండు: ఆమ్లం, ధనావేశపు లోహ అయాన్లు. పాలలో నిమ్మరసం పిండితే విరిగినట్టే, పీహెచ్ బాగా పడిపోయినా (అంటే ఆమ్లగుణం పెరిగినా), కాల్షియం మెగ్నీషియంలాంటివి మోతాదు మించినా ఎమల్షన్ విరుగుతుంది. మొదట బిందువులు గుంపులుగా పైకి చేరి మీగడలా కడతాయి. ఈ దశలో సంచిని నెమ్మదిగా రెండు మూడు సార్లు తిప్పితే మళ్ళీ కలిసిపోతుంది. ఆ తరువాతి దశలో బిందువులు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై, పసుపు నూనె చారలుగానో చుక్కలుగానో పైన తేలతాయి. అప్పుడు ఎంత తిప్పినా తిరిగి రాదు. ఆ సంచిని పారేయాల్సిందే. 5 మైక్రాన్లు దాటిన నూనె బిందువు ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది.

రెండో ప్రమాదం కాల్షియం, ఫాస్ఫేటు కలిసి గడ్డకట్టడం. 1994 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషయమై ఆసుపత్రులకు అత్యవసర హెచ్చరిక పంపింది. నరం పోషణలో ఏర్పడిన కాల్షియం ఫాస్ఫేటు రేణువుల వల్ల ఇద్దరు చనిపోయారు, మరికొందరు ఊపిరి అందక ఇబ్బంది పడ్డారు. పోషణ లైనుకు ఫిల్టరు పెట్టాలన్న సలహాకు ఆ హెచ్చరిక గట్టి బలమిచ్చింది. నూనె ఉన్న సంచికి 1.2 మైక్రాన్ల ఫిల్టరు వాడాలి. 0.22 మైక్రాన్లది నూనె లేని ద్రవానికే. అంత సన్నని రంధ్రాల్లోంచి నూనె బిందువులు పోలేవు.

ఈ గడ్డకట్టడంలో మన వాతావరణానికి సంబంధించిన ఒక తిరకాసు ఉంది. చాలా లవణాలు వేడి పెరిగితే ఇంకా బాగా కరుగుతాయి. కాల్షియం ఫాస్ఫేటు విషయంలో అది తలకిందులు. వేడి పెరిగేకొద్దీ కాల్షియం గ్లూకోనేటు నుంచి కాల్షియం ఎక్కువగా విడిపోతుంది, ఫాస్ఫేటు కూడా గడ్డకట్టే రూపం వైపు జరుగుతుంది. ఫ్రిజ్‌లో స్వచ్ఛంగా ఉన్న ద్రవం వార్డు వేడికి వచ్చాక, రోగి ఒంటి వేడికి దగ్గరగా గొట్టంలో నిలిచినప్పుడు గడ్డకట్టవచ్చు. మే నెలలో రాజమండ్రి ఎండ, కోనసీమ ఉక్కపోత, దానికి తోడు కరెంటు కోత తెలిసినవారికి ఇది చిన్న విషయంగా అనిపించదు. సంచిని 25 డిగ్రీల లోపు ఉంచమని కంపెనీ రాసిన మాట ఏసీ లేని మందుల షాపులోని అలమరాకు కూడా వర్తిస్తుంది. కాబివెన్ కవరు లోపల ఆక్సిజన్ సూచిక ఒకటి చిన్నదిగా ఉంటుంది. అది నల్లబడి ఉంటే సంచి వాడకూడదు. కవరు చింపే ముందు ఒక్క క్షణం దాన్ని చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇక మందుల సంగతి. 'వై' జంక్షన్ దగ్గర, అంటే త్రీవే దగ్గర, మందూ పోషణా కలిస్తే ఏమవుతుందో పెద్ద ఎత్తున పరీక్షించినవారు అమెరికాలోని లారెన్స్ ట్రిసెల్ బృందం. నూనె లేని పోషణ ద్రవాలతో చేసిన పరీక్షలను 1997లో ప్రచురించారు. నూనె కలిసిన 9 రకాల ఫార్ములాలతో 106 మందులను కలిపి చూసిన ఫలితాలు 1999లో వచ్చాయి. ఈ రోజు ఐసీయూ గోడల మీద అతికించి కనిపించే చాలా పట్టికలకు మూలం ఇవే. వాటిలో గుండె రోగికి పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. డోపమైన్ నూనె లేని ద్రవంతో కుదిరింది, నూనె ఉన్న కొన్ని ఫార్ములాలతో కలిసినప్పుడు ఎమల్షన్ చెడింది. ఫ్యూరోసెమైడ్, అంటే మన లాసిక్స్, దీనికి ఎదురు: నూనె ఉన్నదానితో కుదిరి, నూనె లేని కొన్ని ఫార్ములాలతో గడ్డలు కట్టింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ నూనె ఉన్నదాన్ని విరగ్గొట్టింది. మిడజోలాం, లోరజెపాం, హాలోపెరిడాల్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా ఎమల్షన్‌తో కుదరని వాటిలోనే ఉన్నాయి. గుండె మందులైన డోబుటమైన్, డిగాక్సిన్, నైట్రోగ్లిజరిన్ కుదిరాయి.

ఫ్యూరోసెమైడ్ ఎందుకలా చేస్తుందో తెలిస్తే మరో పది మందులు సులువుగా అర్థమవుతాయి. అది క్షార ద్రవం, ఆంపూల్‌లో పీహెచ్ 8కి పైనే. ఆమ్లంలో పడితే కరిగి ఉండలేక తెల్లటి ముక్కలుగా రాలిపోతుంది. గుండె మందుల్లో డోబుటమైన్, మిల్రినోన్, అమియోడరోన్, నోరాడ్ అన్నీ ఆమ్లం వైపువే. మిల్రినోన్ వెళ్తున్న లైనులోకి లాసిక్స్ కొడితే అక్కడికక్కడే గడ్డకడుతుందని మిల్రినోన్ కరపత్రమే చెబుతుంది. అంటే సంచి లేకున్నా ఈ మందులు తమలో తాము కలహించుకుంటాయి. తెల్లటి పోషణ ద్రవం కూడా అదే గొట్టంలో ఉంటే, ఆ తెల్ల ముక్కలు కళ్ళకు కనపడవు. నా దృష్టిలో నూనె సంచితో మందు కలపడంలోని అసలు అపాయం ఇదే. పారదర్శకమైన సెలైన్‌లో గడ్డ కడితే సిస్టర్ చూసి ఆపుతుంది. పాలలాంటి ద్రవంలో ఎవరు చూస్తారు?

అమియోడరోన్ గురించి విడిగా చెప్పాలి. దాన్ని గ్లూకోజ్ 5 శాతంలోనే కలపాలి. మొదటి డోసు 150 మి.గ్రా. ను 100 మి.లీ. లో కలిపి 10 నిమిషాల్లో ఇస్తారు, తరువాత నిమిషానికి 1 మి.గ్రా. చొప్పున 6 గంటలు, ఆ పైన నిమిషానికి అర మి.గ్రా. చొప్పున 18 గంటలు. మి.లీ. కి 2 మి.గ్రా. దాటితే చేతి నరం వాచిపోతుంది, సెంట్రల్ లైను కావాలి. ఆంపూల్‌లో మందును కరిగించి ఉంచేది పాలీసార్బేట్ 80. అది కూడా నూనెనూ నీటినీ కలిపే పదార్థమే. అలాంటిది లెసిథిన్ పొర మీద ఆధారపడిన ఎమల్షన్‌లోకి రోజంతా చుక్కచుక్కగా దిగడం నాకు ఎంత మాత్రం ఇష్టం లేదు. అమియోడరోన్‌కు వేరే దారే ఉండాలి.

పట్టికలో 'కుదిరింది' అని ఉన్న మందుల మాటేమిటి? అవైనా కలపవచ్చు కదా అని అడిగేవాళ్ళున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఆ పరీక్షలు ఎలా చేశారో చూడండి. మందు ఒక వంతు, పోషణ ఒక వంతు పరీక్ష గొట్టంలో కలిపి, 23 డిగ్రీల దగ్గర 4 గంటలు గమనించారు. ఫ్యూరోసెమైడ్ మి.లీ. కి 3 మి.గ్రా. చొప్పున పరీక్షించారు. మన దగ్గర లాసిక్స్ ఆంపూల్ మి.లీ. కి 10 మి.గ్రా. పలచన చేయకుండా నేరుగా త్రీవేలోకి కొడతాం. డోపమైన్ మి.లీ. కి 3.2 మి.గ్రా. దగ్గరే దెబ్బతింది. 200 మి.గ్రా. ఆంపూల్‌ను 50 మి.లీ. సిరంజిలో వేస్తే మనది 4 మి.గ్రా. వార్డులో ఉన్నది 23 డిగ్రీలు కాదు. ఆ 9 ఫార్ములాల్లో ఈ రోజుల్లో వస్తున్న చేప నూనె, ఆలివ్ నూనె కలిసిన సంచులు లేవు. పైగా కళ్ళకు కనిపించే మార్పునూ రేణువులనూ చూసే పరీక్ష మందు బలం తగ్గిందా లేదా అన్నది చెప్పదు. అందుకని 'కుదిరింది' అన్న మాటను 'ఆ ద్రవంతో, ఆ గాఢతలో, ఆ వేడిమిలో, ఆ 4 గంటల్లో ఏమీ కనపడలేదు' అని చదువుకోవాలి. 'కుదరదు' అన్న మాటను మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోవాలి.

రసాయనశాస్త్రం పూర్తిగా అనుకూలించినా నేను ఒప్పుకోని చోటు ఇంకొకటుంది. దాని గురించి మన దగ్గర దాదాపు ఎవరూ మాట్లాడరు. అది ప్రవాహం లెక్క.

పోషణ గంటకు 60 మి.లీ. వెళ్తోంది. నోరాడ్ సిరంజ్ పంపు నుంచి గంటకు 4 మి.లీ. వచ్చి త్రీవే దగ్గర దానిలో కలుస్తోంది. త్రీవే నుంచి రోగి రక్తం దాకా ఎక్స్‌టెన్షన్‌తో కలిపి గొట్టంలో 1 మి.లీ. పడుతుందనుకోండి. రెండూ వెళ్తున్నప్పుడు నిమిషానికి మి.లీ. కి కాస్త పైగా పోతుంది, నోరాడ్ సుమారు నిమిషంలో రక్తానికి చేరుతుంది. ఇప్పుడు సంచి అయిపోయింది, మార్చడానికి పోషణ ఆపారు. గొట్టంలో నిలిచిన ఆ 1 మి.లీ. లో నోరాడ్ పదహారో వంతు గాఢతలో ఉంది. వెనక నుంచి తోసేది గంటకు 4 మి.లీ. మాత్రమే. ఆ 1 మి.లీ. ఖాళీ కావడానికి 15 నిమిషాలు పడుతుంది. ఆ 15 నిమిషాలూ రోగికి అందేది రాసిన డోసులో పదహారో వంతు. బీపీ పడుతుంది. సిస్టర్ చూసి నోరాడ్ 8కి పెంచుతుంది, అది సహజమే. ఏడెనిమిది నిమిషాల్లో గొట్టం నిండా గాఢమైన నోరాడ్ చేరుతుంది. అప్పుడే కొత్త సంచి తగిలించి మళ్ళీ 60కి తెరిచారు. గొట్టంలోని 1 మి.లీ. ఒక్క నిమిషంలో రోగిలోకి దూసుకుపోతుంది. పాత వేగంతో 15 నిమిషాల పాటు వెళ్ళాల్సిన మందు అది. బీపీ 70 నుంచి 200కి ఎగబాకుతుంది, గుండె దెబ్బతిన్న మనిషికి అది ప్రాణాపాయం. చివరికి కేస్ షీటులో 'రోగి అస్థిరంగా ఉన్నాడు' అని రాస్తారు. అస్థిరంగా ఉన్నది గొట్టం.

పంపు లేకుండా చుక్కల లెక్కన పోషణ ఎక్కించే చోట ఇది ఇంకా అధ్వాన్నం. మి.లీ. కి 20 చుక్కల సెట్టుతో గంటకు 60 మి.లీ. అంటే నిమిషానికి 20 చుక్కలు. రోగి చెయ్యి మడిచినా, మంచం ఎత్తు మార్చినా, ఆ 20 కాస్తా 8 అవుతుంది, 30 అవుతుంది. దానితో పాటే నోరాడ్ కూడా ఊగుతుంది. కాబట్టి బీపీ నిలబెట్టే మందు ఏదైనా సరే, వేగం మారే ఏ ద్రవంతోనూ దారి పంచుకోకూడదు. పోషణ సంచి వేగం మారక తప్పదు. రోజుకొకసారి సంచి మారుతుంది, సెట్టు మారుతుంది, షుగర్ పెరిగితే తగ్గిస్తారు.

సంచిలోకే మందులు ఎక్కించే అలవాటు గురించి కొంచెం. ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్, మల్టీవిటమిన్, పాంటోప్రజోల్ అన్నీ ఒకే సంచిలో పొడిచేయడం చూస్తుంటాం. కంపెనీ కరపత్రంలో పేరున్న విటమిన్లు, ఖనిజాలు తప్ప గుండె మందు ఏదీ సంచిలోకి వెళ్ళకూడదు. పొటాషియం కలిపితే సంచిని తలకిందులుగా అనేకసార్లు తిప్పాలి. బరువైన ద్రవం పోర్టు దగ్గరే నిలిచిపోయి, తొలి అరగంటలో చాలా భాగం ఒకేసారి గుండెకు చేరే ప్రమాదముంది. మన 15 శాతం పొటాషియం క్లోరైడ్ ఆంపూల్ 10 మి.లీ. లో 20 మిల్లీమోళ్ళుంటాయి. సంచిలో ముందే 36 ఉన్నాయన్న సంగతి మర్చిపోయి రెండు ఆంపూళ్ళు వేస్తే 76. రోగి పొటాషియం పెంచే స్పైరోనోలాక్టోన్ మీదో, రామిప్రిల్ మీదో ఉండి, కిడ్నీ కూడా నెమ్మదించి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సోడియం బైకార్బొనేట్ అయితే సంచిలోకీ వద్దు, లైనులోకీ వద్దు. కాల్షియంతో కలిసి సుద్ద అవుతుంది. కాల్షియం ఉన్న ద్రవంతో యాంటీబయాటిక్ సెఫ్ట్రియాక్సోన్ కూడా గడ్డకడుతుంది. పసిపిల్లల మరణాల తరువాత 2007లో ఎఫ్‌డీఏ దానిపై హెచ్చరించింది. నెల లోపు శిశువులకు ఈ జత పూర్తిగా నిషిద్ధం.

మరి దారులు ఎక్కడివి? సెంట్రల్ లైను వేయాల్సి వచ్చిన ప్రతి గుండె రోగికీ మూడు ల్యూమెన్‌లదే వేయాలని నా గట్టి మాట. సాధారణంగా దొరికే 7 ఫ్రెంచ్ కాథెటర్‌లో గోధుమ రంగు మూత ఉన్నది చివరి రంధ్రం, వెడల్పైనది. నీలం మధ్యది, తెలుపు వెనకది. లోపల మూడు రంధ్రాలూ ఎడంగా తెరుచుకుంటాయి, రక్త ప్రవాహం మందులను వెంటనే పలచన చేస్తుంది. అందుకే ఒకే కాథెటరైనా వేర్వేరు ల్యూమెన్‌లలో వెళ్ళేవి కలిసినట్టు కాదు. వేసిన రోజే ఒక ల్యూమెన్‌ను పోషణకు కేటాయించి, దాని మీద ప్లాస్టరు అంటించి 'పోషణ మాత్రమే' అని రాయాలి. దానిలోంచి రక్తం తీయకూడదు, ఇంజెక్షన్ కొట్టకూడదు, సీవీపీ (పెద్ద నరంలోని రక్తపు ఒత్తిడి) కొలవకూడదు. రెండోది బీపీ మందుకు, దానిమీదా ఎవరూ బోలస్ (ఒక్కసారిగా ఇచ్చే డోసు) కొట్టకూడదు. మూడోది మిగతా అన్నిటికీ. పోషణ ల్యూమెన్‌ను ముట్టుకోకపోవడం వల్ల ఇన్‌ఫెక్షన్ కూడా తగ్గుతుంది. నూనె, చక్కెర ఉన్న లైనులో సూక్ష్మజీవులకు విందే.

మూడు ల్యూమెన్‌లు ఖర్చు కదా అంటారు. ఒక్క ల్యూమెన్‌ దానికీ దీనికీ ఉన్న తేడా పోషణ సంచి ఖరీదు ముందు ఎంత? సంచి కొనగలిగిన చోట కాథెటర్ దగ్గర పొదుపు చేయడం నాకు అర్థం కాదు.

సెంట్రల్ లైను వీలుకాకపోతే మందుల జాబితా ముందేసుకుని ఒక్కో మందునూ లైనులోంచి తప్పించగలమా అని చూడాలి. హెపారిన్ డ్రిప్పు బదులు, కిడ్నీ అనుమతిస్తే, చర్మం కింద ఎనాక్సాపరిన్. లాసిక్స్ రెండో చేతి క్యాన్యులాలో. పేగు కొద్దిగానైనా పనిచేస్తుంటే డిగాక్సిన్ ట్యూబులోంచి. చేతి నరానికి తక్కువ గాఢత పోషణ సంచే కట్టాలి. గాఢత లీటరుకు 900 మిల్లీఆస్మోల్స్ దాటినది చేతి నరాన్ని కాల్చేస్తుంది. 1540 మి.లీ. కాబివెన్ దానికి పైనే ఉంటుంది, దానికి సెంట్రల్ లైనే దారి. 'పెరిఫెరల్' అని రాసి ఉన్నదే చేతికి. 1440 మి.లీ. పెరిఫెరల్ సంచిలో 1000 కిలోకేలరీలుంటాయి. పరిస్థితి నిలకడగా ఉన్న రోగికైతే పోషణను రాత్రితో కలిపి 14–16 గంటల వ్యవధిలోకి సర్దుకుని పగలు ఆ లైనును మందులకు వదలవచ్చు.

ఏ దారీ లేక పోషణ లైనులోనే అప్పుడప్పుడూ ఇచ్చే మందు ఒకటి ఇవ్వాల్సి వస్తే పద్ధతి ఇది. పోషణ పంపు ఆపి, సెట్టును త్రీవేకి పైన క్లాంపు చేయాలి. 10 మి.లీ. నార్మల్ సెలైన్‌తో లైను కడగాలి, తెల్లదనం పూర్తిగా పోయేదాకా. మందును దాని సొంత వేగంతో ఇవ్వాలి. లాసిక్స్ 20, 40 మి.గ్రా. అయితే ఒకటి రెండు నిమిషాలు. మళ్ళీ 10 మి.లీ. సెలైన్. అప్పుడు పోషణ తెరవాలి. రెండో కడుగుడు ఎగ్గొట్టడమే ఎక్కువగా జరిగే తప్పు. హెపారిన్ లాక్ కొట్టి, అంటే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ నింపి, వదిలేసిన ల్యూమెన్‌కు నేరుగా పోషణ తగిలించడం ఇంకొకటి. ఇన్సులిన్ నడుస్తుంటే పోషణ ఆపిన ప్రతిసారీ షుగర్ చూడాలి. ఎందుకంటే చక్కెర రావడం ఆగినా ఇన్సులిన్ ఆగదు. ఫిల్టరు మూసుకుపోయి పంపు అలారం కొడితే ఫిల్టరు పీకేసి నడిపించకూడదు. అది తన పని తాను చేసింది. సంచి, సెట్టు, ఫిల్టరు మూడూ మార్చాలి.

ఈ పద్ధతి నోరాడ్‌కు పనికిరాదు, దాన్ని ఒక్క నిమిషం కూడా ఆపలేం కాబట్టి. నోరాడ్ నడుస్తున్న రోగికి ఒక్కటే ల్యూమెన్ ఉంటే ఆగాల్సింది పోషణ. ఈ మాట బంధువులకు కఠినంగా వినిపిస్తుంది, తిండి ఆపేశారంటారు. ఐరోపా క్లినికల్ న్యూట్రిషన్ సంఘం 2019 మార్గదర్శకాల ప్రకారం నోటి ద్వారా గానీ ట్యూబు ద్వారా గానీ ఇవ్వలేని ఐసీయూ రోగికి నరం పోషణ 3 నుంచి 7 రోజుల్లోపు మొదలుపెడితే చాలు. షాక్ అదుపులోకి రాకుండా ట్యూబు ఆహారం కూడా మొదలుపెట్టవద్దని అవే చెబుతాయి. ఒక రోజు ఆగడం వల్ల పోయేది కొద్దిగా కండ. బీపీ పడితే పోయేది మెదడు, కిడ్నీ.

గొట్టంలో కలవకపోయినా ఒంట్లో కలిసేవి ఉన్నాయి, వాటికి త్రీవేతో పనిలేదు. వారం పస్తున్న మనిషికి ఒక్కసారిగా చక్కెర పోస్తే ఇన్సులిన్ లేచి పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేటు రక్తంలోంచి కణాల్లోకి దూరిపోతాయి. డిగాక్సిన్ మీదున్న రోగికి ఆ తగ్గుదలే విషం. రక్తంలో డిగాక్సిన్ మోతాదు మామూలుగా ఉన్నా లయ తప్పుతుంది. అమియోడరోన్ మీదున్నవారికి మెగ్నీషియం తగ్గితే ఈసీజీలో క్యూటీ వ్యవధి సాగి ప్రమాదకరమైన దడ వస్తుంది. అందుకే అమెరికా పోషణ సంఘం 2020లో చెప్పిన మోతాదు: మొదటి రోజు కిలోకు 10 నుంచి 20 కిలోకేలరీలు, లేదా 100 నుంచి 150 గ్రాముల గ్లూకోజ్. మొదలుపెట్టే ముందే థయమిన్ 100 మి.గ్రా. తొలి 3 రోజులు 12 గంటలకొకసారి పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేటు పరీక్ష. మన 45 కిలోల రోగికి ఇది 450 నుంచి 900 కిలోకేలరీలు. 1540 మి.లీ. సంచి మొత్తం పెడితే కిలోకు 31 అవుతుంది. 'సంచి మిగిలిపోతుంది, ఖరీదైనది' అని మొత్తం ఎక్కించేయడం వల్ల ఈ ఉపద్రవం వస్తుంది. చిన్న సంచి కొనాలి, లేదా 24 గంటలు కాగానే మిగిలినది పారబోయాలి.

గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోం గానీ వార్ఫరిన్ గానీ వేసుకునే వాళ్ళు మన పల్లెల్లో చాలామంది. సోయా నూనెలో సహజంగానే విటమిన్ కె ఉంటుంది, కొన్ని మల్టీవిటమిన్ ఇంజెక్షన్లలో 150 మైక్రోగ్రాములు అదనం. విటమిన్ కె ఆ మందులకు ఎదురు పనిచేస్తుంది కాబట్టి పోషణ మొదలైతే, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ పడిపోవచ్చు, ఆపితే లేవవచ్చు. రెండు సందర్భాల్లోనూ వెంటవెంటనే పరీక్ష చేయించాలి. వెంటిలేటర్ మీద మత్తుకు ప్రొపోఫాల్ నడుస్తుంటే అదీ నూనే, మి.లీ. కి 1.1 కిలోకేలరీ. దాన్ని లెక్కలోంచి వదిలేస్తే ట్రైగ్లిజరైడ్లు పెరిగాక గానీ తెలియదు.

ఇక్కడ బంధువులతో ఒక మాట. నీరసంగా ఉంది, బలానికి ఒక సీసా ఎక్కించండని అడగడం మన వైపు పాత అలవాటు. ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గర 200 మి.లీ. అమైనో సీసా ఎక్కించుకుని వస్తుంటారు. గుండె వైఫల్యం ఉన్న మనిషికి అందులో బలం దాదాపు లేదు, అదనపు నీరు మాత్రం ఉంది. పేగు పనిచేస్తుంటే రైల్స్ ట్యూబులో పోసే పలచని ఆహారం ఏ తెల్ల సంచికన్నా మేలు, చవక, గుండె మందులతో గొడవా లేదు. ఐసీయూలో మీ మనిషికి తెల్ల సంచి కట్టి ఉంటే దాన్ని మీరు ముట్టుకోవద్దు, ఆపవద్దు. కానీ ఆ సంచి గొట్టంలోకి ఇంకే మందైనా కలుస్తోందా, ఫిల్టరు ఉందా, సంచిలో పసుపు నూనె తేలుతోందా అని చూసి సిస్టర్‌ను అడిగే హక్కు మీకుంది. అడగండి.

ఆసుపత్రి యజమానులకు కూడా ఒకటి చెప్పాలి. 2008లో మన దేశంలో ఫార్మ్.డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు మొదలైంది. ఆరేళ్ళు చదివి, అందులో ఒక ఏడాది ఆసుపత్రిలో పనిచేసి బయటికొచ్చిన పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. చాలామంది మందుల కంపెనీల్లోనో, హైదరాబాద్ ఆఫీసుల్లోనో రాతపనిలో ఉన్నారు. పది పడకల ఐసీయూకి అలాంటి ఒక్కరు ఉంటే ఏ ల్యూమెన్‌లో ఏది వెళ్తోందో రోజూ ఉదయం గీసి గోడకి అంటిస్తారు. ఎవరో ఒకరు ఆ కాగితానికి బాధ్యులై ఉండాలి.

చివరిగా రోగిని పంపించడం. రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి భీమవరానికో, అమలాపురం నుంచి కాకినాడకో, రాజమండ్రికో అంబులెన్స్ ఎక్కించేటప్పుడు పోషణ సంచిని విప్పేయాలి. కుదుపుల్లో చుక్కల లెక్క నిలవదు, దారిలో ఎవరో ఆ త్రీవేలోనే అత్యవసర మందు కొడతారు. విప్పాక ల్యూమెన్‌ను 10 మి.లీ. సెలైన్‌తో కడిగి మూత పెట్టాలి. ఇన్సులిన్ ఆపాలి లేదా తగ్గించాలి. నోరాడ్ సిరంజ్ పంపు ఛార్జింగ్ చూసి, కలిపి ఉంచిన రెండో సిరంజి చేతికివ్వాలి. రిఫరల్ కాగితం మీద ఈ నాలుగూ రాయాలి: పోషణ సంచి పేరు, ఎన్ని మి.లీ. వెళ్ళింది, ఎన్నింటికి ఆపారు. ఏ రంగు ల్యూమెన్‌లో ఏ మందు, మి.లీ. కి ఎన్ని మి.గ్రా., గంటకు ఎన్ని మి.లీ. చివరి పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేటు, షుగర్, ఐఎన్‌ఆర్, అవి తీసిన టైము. డిగాక్సిన్, అసిట్రోం ఆఖరి డోసు ఎప్పుడన్నది.